కుక్క పన్ను దిగి రక్తం వచ్చింది, క్లినిక్‌లో టీకా ఒక్కటే వేసిండ్రు, సీరం కూడా కావాల్నా?

బోడుప్పల్_అమ్మ

అందరికీ నమస్తే, జర అర్జెంటు, తెలిసినోళ్లు చెప్పండి ప్లీజ్. నిన్న ఆదివారం సాయంత్రం మా బాబు, ఆరేళ్లోడు, గల్లీ చివర కిరాణా కొట్టుకి పోయి బిస్కెట్ ప్యాకెట్ పట్టుకొని వస్తుంటే ఆగి ఉన్న ఆటో కిందికెల్లి కుక్క వచ్చి కాలి పిక్క పట్టింది. వాడు భయపడి కాలు గుంజుకున్నడు, పెద్దగా చీరలేదు గానీ ఒక దగ్గర పన్ను దిగిన బెజ్జం ఉంది, దాని పక్కనే రెండు గీతలు, సాక్సు మీద రూపాయి బిళ్లంత రక్తం మరక. మా అత్తమ్మ కారప్పొడి తెచ్చి అద్దుదామని చూసింది, నేను వద్దని బాత్రూంలకు తీస్కపోయి నల్లా కింద పెట్టి సబ్బుతో కడిగిన, రెండు మూడు నిమిషాలు కడిగి ఉంటా అంతే, వాడు ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తుండె.

ఇంటి దగ్గర చిన్న క్లినిక్‌కి పోతే టీటీ ఒకటి, జబ్బకు రేబిస్ టీకా ఒకటి వేసి పిక్కకు గట్టిగా పట్టీ కట్టి పంపిండ్రు. మళ్ళా 3, 7, 14, 28 రోజులకు రమ్మన్నరు. సీరం గురించి నేనే అడిగిన, ముఖం మీద కరిస్తేనే అది, ఇంత చిన్న దానికి ఎందుకమ్మా అన్నరు. పక్కింటి అక్కేమో వాళ్ల పాపకి గవర్నమెంట్ దవాఖానలో నాలుగు సార్లే రమ్మన్నరు గానీ మొదటి రోజే గాయం చుట్టూ కూడా సూదులు వేసిండ్రు అంటది. ఎవరి మాట నమ్మాలె?

ఇంకోటి, ఆ కుక్క మా గల్లీదే, రోజూ చూసేదే. చెవి కోసి ఉంటది, అంటే మున్సిపాలిటీ వాళ్లు సూది వేసిన కుక్కే కదా, ఈ మధ్యనే పిల్లలు పెట్టింది, అందుకే కరిచిందని అందరు అంటున్నరు. మా ఆయన పది రోజులు కుక్కని చూద్దాం, దానికేం కాకుంటే మిగతా సూదులు ఎందుకు అంటుండు. బాబు బరువు 18 కిలోలు. చికెన్, గుడ్డు బందు పెట్టాల్నా అనేది కూడా చెప్పండి, అత్తమ్మ నిన్నటి నుంచి వాడికి పప్పన్నమే పెడుతుంది.

నైట్_డ్యూటీ_సిస్టర్

అమ్మా, ఇది చదవగానే ఆ పట్టీ విప్పేయండి. కుక్క కాటుని మూసిపెట్టకూడదు, కుట్లు కూడా వేయరు, తప్పనిసరి అయితే సీరం వేశాకే వదులుగా వేస్తారు. విప్పి ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో ఇంకోసారి 15 నిమిషాలు కడగండి, ఒక రోజు ఆలస్యమైనా కడగాల్సిందే. 15 నిమిషాలంటే చాలా ఎక్కువ సేపు, ఫోన్‌లో టైమర్ పెట్టి వాడికి కార్టూన్ ఏదైనా చూపిస్తూ కానివ్వండి. తర్వాత పోవిడోన్ అయోడిన్ రాయండి. కారం, పసుపు, సున్నం, కాఫీ పొడి ఏవీ వద్దు, వైరస్ సబ్బుకి చస్తుంది, కారానికి గాయం మండి పిల్లాడు కాలు ముట్టనివ్వడు, కడగాల్సిన పని ఆగిపోతుంది.

ఇక అసలు విషయం. గాయం చిన్నదా పెద్దదా అని కాదు, తోలు తెగి రక్తం వచ్చిందా లేదా అనేది చూస్తారు. రక్తం రాకుండా పైపైన గీరుకుంటే రెండో కేటగిరీ, దానికి కడగడం, టీకా చాలు. పన్ను దిగి రక్తం వస్తే అది మూడో కేటగిరీ, కాలైనా చెయ్యైనా ముఖమైనా. తెగిన చర్మం మీద కుక్క నాకినా, నోట్లో కంట్లో దాని చొంగ పడినా అదే కేటగిరీ. మూడో కేటగిరీకి టీకాతో పాటు సీరం, అంటే ఇమ్యునోగ్లోబ్యులిన్, గాయంలోనే వేయాలి. మీరు చెప్పిన బెజ్జం ఒక్కటి చాలు మూడో కేటగిరీ అనడానికి. ముఖం, తల, చేతుల మీద కరిస్తే వైరస్‌కి మెదడు దాకా దారి తక్కువ, లేదా నరాలు ఎక్కువ, అక్కడ ఇంకా తొందర పడాలి అంతే గానీ పిక్క మీద అయితే సీరం అక్కర్లేదని ఎక్కడా లేదు.

ఎందుకంటే టీకా వేయగానే ఒంట్లో రక్షణ పుట్టదు, వైరస్‌తో పోరాడే యాంటీబాడీలు సరిపడా తయారవ్వడానికి వారం పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు. ఈ లోపు గాయంలో ఉన్న వైరస్ నరం పట్టుకుందంటే ఇక టీకా అందుకోలేదు. సీరంలో ముందే తయారై ఉన్న యాంటీబాడీలు ఉంటాయి, గాయం దగ్గరే దాన్ని పట్టేస్తాయి. అందుకే పిర్రకో జబ్బకో వేస్తే లాభం లేదు, గాయం లోపల, చుట్టూ పొడవాలి. పిల్లలకి నొప్పే, అబద్ధం చెప్పను, ఇద్దరు పెద్దవాళ్లు పట్టుకోవాలి.

మొదటి టీకా వేసిన రోజు నుంచి ఏడు రోజుల లోపే సీరం వేస్తారు, ఆ తర్వాత వేయరు, ఎందుకంటే అప్పటికి టీకా తన పని మొదలుపెట్టేసి ఉంటుంది. మీకింకా టైముంది గానీ ఏడు రోజులున్నాయి కదా అని ఆగకండి, రేపు పొద్దున్నే వెళ్లండి. గుర్రం సీరం అయితే కిలోకి 40 యూనిట్లు, అంటే మీ వాడికి 720. మనిషి రక్తం నుంచి తీసినదైతే కిలోకి 20, అంటే 360. ప్రైవేటులో రెండోది వేలల్లో ఉంటుంది. ఇప్పుడు ల్యాబులో తయారుచేసే మోనోక్లోనల్ యాంటీబాడీలని ఇంకో రకం కూడా వచ్చాయి, వాటి లెక్క వేరు. ఏది ఉంటే అది వేయించండి, మంచి రకం దొరికేదాకా ఆగుతాం అనొద్దు. గుర్రం సీరానికి అరుదుగా ఎలర్జీ వస్తుంది కాబట్టి వేశాక కాసేపు అక్కడే కూర్చోబెడతారు, పని ఉందని లేచి వచ్చేయకండి.

నల్లకుంట ఫీవర్ హాస్పిటల్ మీకు దగ్గరే, లేదంటే నారాయణగూడ ఐపీఎం, అంటే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్. టీకా బస్తీలో ఉండే అర్బన్ హెల్త్ సెంటర్లలో కూడా దొరుకుతుంది గానీ సీరం అన్నిచోట్లా ఉండదు, కనుక్కొని వెళ్లండి.

నాలుగా ఐదా అంటే రెండూ కరెక్టే. గవర్నమెంట్‌లో చర్మం పొరల్లో రెండు జబ్బలకీ 0.1 ఎంఎల్ చొప్పున వేస్తారు, 0, 3, 7, 28 రోజుల్లో. ప్రైవేటులో ఎక్కువగా కండకి ఫుల్ డోసు, 0, 3, 7, 14, 28. మొదలుపెట్టిన పద్ధతిలోనే పూర్తి చేస్తే గందరగోళం ఉండదు. లెక్క కరిచిన రోజు నుంచి కాదు, మొదటి టీకా పడిన రోజు సున్నా. మీది ఆదివారం మొదలైంది కాబట్టి బుధవారం ఒకటి, మిగతావన్నీ ఆదివారాలే పడతాయి, మీ క్లినిక్ ఆదివారం తీసి ఉంటుందా ముందే అడగండి, ఇలాంటి చోటే డోసులు తప్పిపోతుంటాయి.

చికెన్, గుడ్డు, పెరుగు, వంకాయ, అన్నీ పెట్టండి. పథ్యం ఏమీ లేదు, పిల్లాడి కడుపు మాడ్చకండి.

గల్లీ_కుక్కల_దోస్త్

సిస్టర్ అంతా చెప్పేశారు, నేను కుక్క సంగతి ఒక్కటి చెప్తా. నేను రాత్రి పూట మా కాలనీలో కుక్కలకి అన్నం పెట్టేవాడినే, కాబట్టి కుక్కల మీద కోపంతో అంటున్న అనుకోకండి.

అక్కా, చెవి కోసి ఉంది అంటున్నారు, మళ్ళీ ఈ మధ్యే పిల్లలు పెట్టింది అంటున్నారు. రెండూ ఒకే కుక్కకి కుదరవు. చెవి కొస కత్తిరించేది ఆపరేషన్ అయిందని గుర్తు, ఆపరేషన్ అయిన కుక్కకి పిల్లలెట్లా పుడతాయి? అయితే ఆ చెవి ఎప్పుడో కొట్లాటలో చిరిగింది, లేదంటే ఆ పిల్లలు వేరే కుక్కవి, లేదంటే బాబుని కరిచింది అసలు మీరనుకునే కుక్కే కాదు. ఆటో కిందికెల్లి వచ్చిందంటున్నారు, ఆ హడావిడిలో ఎవరు చూశారు సరిగ్గా? దీని మీద ఆధారపడి పిల్లాడి వైద్యం ఆపుతారా?

ఒకవేళ నిజంగా చెవి కోసిన కుక్కే అనుకున్నా, ఆపరేషన్ రోజు రేబిస్ టీకా వేస్తారు నిజమే, కానీ అది ఏటేటా మళ్ళీ వేయాలి. మీ గల్లీ కుక్కకి మొన్న వేశారా మూడేళ్ల కింద వేశారా చెవి చూస్తే తెలీదు. పిల్లలున్న తల్లి కాబట్టి కరిచింది అనేది నిజం కావచ్చు, నేను చూసినంతలో ఎక్కువ కాట్లు అట్లాంటివే, అయినా కారణం దొరికింది కదా అని రేబిస్ లేదని అర్థం కాదు.

పది రోజులు చూడటం మంచిదే, చూడండి, కానీ సూదులు వేయిస్తూ చూడండి. కుక్క చొంగలో వైరస్ వచ్చేది అది జబ్బు పడటానికి కొద్ది రోజుల ముందు నుంచే, అట్లాంటిది పది రోజుల లోపు చచ్చిపోతుంది లేదా తేడా తెలిసిపోతుంది, ఆ లెక్క కుక్కకీ పిల్లికీ మాత్రమే. కోతికో ఇంకో దానికో ఈ లెక్క వర్తించదు. పది రోజులు గడిచేసరికి బాబుకి మూడు డోసులు ఎలాగూ పడిపోయి ఉంటాయి, అప్పటికీ ఆ కుక్క హుషారుగా తిరుగుతుంటే మిగతా డోసుల సంగతి డాక్టర్‌ని అడగండి, ఆయన చెప్తాడు. సొంతంగా ఆపొద్దు.

ఇంకా ముఖ్యం, గల్లీ వాళ్లు కోపం మీద దాన్ని కొట్టి చంపకుండా చూడండి. చంపితే చూడటానికి కుక్కే ఉండదు, పైగా అది కేసు. మీ మున్సిపాలిటీ వాళ్లకి ఫోన్ చేసి కరిచిందని చెప్పండి. అది తిండి మానేసినా, వెనక కాళ్లు ఈడ్చినా, గొంతు మారినా, చొంగ కారుస్తూ కట్టెలు రాళ్లు కొరుకుతున్నా వెంటనే చెప్పండి, దగ్గరికి మాత్రం పోకండి. ఒక్కోసారి పిచ్చెక్కిన కుక్క అరవదు కూడా, మూల పడి ఉంటుంది, పాపం దెబ్బ తగిలిందేమో అని జాలితో నోట్లో నీళ్లు పోయబోతారు జనం.

రిటైర్డ్_మాస్టారు_నల్గొండ

ఈ కాలం పిల్లలు ప్రతిదానికీ సూదులంటారు గానీ మా చిన్నప్పుడు మా ఊర్లో కుక్క కరిస్తే పక్క ఊరికి తీసుకుపోయి ఆకు పసరు తాగించి మూడు పూటలు ఉప్పు లేని కూడు పెట్టేటోళ్లు. నాకు తెలిసి ఎవ్వరికీ ఏం కాలేదు. దవాఖానకు పోతే బొడ్డు చుట్టూ 14 సూదులు పొడిచేటోళ్లు, దానికి భయపడే సగం మంది పోయేటోళ్లు కాదు. టీకా వద్దు అనట్లేదు, రెండూ చేయించుకుంటే తప్పేంటి అంటున్న.

పాత_బస్తీ_పోరడు

మాస్టారూ, కుక్క కాటుకు చెప్పు దెబ్బ అన్నట్టు అత్తమ్మ కారం, మీ పసరు, మధ్యలో ఆ పిల్లగాడు 😅 వాడి కడుపు ఏమైతదో ఆలోచించండి.

నైట్_డ్యూటీ_సిస్టర్

మాస్టారు గారూ, మీరు అబద్ధం చెప్తున్నారని అనను. కరిచిన ప్రతి కుక్కకీ రేబిస్ ఉండదు కదండీ. మామూలు కుక్క కరిచినవాళ్లు పసరు తాగినా తాగకపోయినా బతుకుతారు, పేరు మాత్రం పసరుకి వస్తుంది. నిజంగా పిచ్చికుక్క కరిచినవాళ్లకి నెలా రెండు నెలలకి, కొందరికి ఏడాది తర్వాత కూడా జబ్బు బయటపడుతుంది, అప్పటికి కాటు సంగతి ఊరంతా మర్చిపోయి ఉంటుంది, ఏదో గాలి సోకింది అనుకుంటారు. నీళ్లు చూస్తే గొంతు పట్టేయడం, ఫ్యాన్ గాలికి కూడా ఉలిక్కిపడటం మొదలయ్యాక దాదాపు ఎవరినీ కాపాడలేం. నేను వార్డులో చూశాను, ఇంకా రాయను.

రెండూ చేయిస్తే తప్పేంటి అంటే, పసరుకి పోయేటప్పుడు ఒక రోజు పోతుంది, వాళ్లు గాయం మీద ఏదో ఒకటి నూరి పట్టించి కడగొద్దంటారు, అదీ తప్పు.

బొడ్డు చుట్టూ 14 అనేది పాత టీకా, గొర్రె మెదడు నుంచి తీసేవాళ్లు, దాన్ని మన దేశంలో 2004 చివర్లోనే ఆపేశారు. ఇప్పటివి కణాల కల్చర్‌లో తయారయ్యేవి, జబ్బకే వేస్తారు, చిన్న పిల్లలకైతే తొడకి. పిర్రకి మాత్రం వేయకూడదు, ఎవరైనా వేస్తానంటే వద్దనండి, కొవ్వులో పడి సరిగా పనిచేయదు. చాలామంది పేరు విన్న అభయ్‌రాబ్ అనే రేబిస్ టీకా తయారుచేసే ఇండియన్ ఇమ్యునలాజికల్స్ కంపెనీ మన హైదరాబాద్‌దే. పెరట్లో మందు ఉండగా పక్క ఊరి పసరు దేనికండీ.

కూకట్‌పల్లి_టెక్కీ

థ్రెడ్ మధ్యలో దూరుతున్నందుకు సారీ అండి. మా అపార్ట్‌మెంట్‌లో పిల్లి పిల్లని ఎత్తుకుంటే నా చేతి మీద గీరింది, తెల్ల గీత పడింది, రక్తం రాలేదు. నాకు పోయినేడు కుక్క కరిచి కోర్సు మొత్తం పూర్తి చేశాను, కార్డు ఉంది. మా ఆవిడకి కూడా గీరింది, తనకి కొంచెం రక్తం వచ్చింది, తను ఎప్పుడూ వేయించుకోలేదు, ఇప్పుడు ఐదో నెల. ప్రెగ్నెన్సీలో ఇవి వేయొచ్చా అని భయంగా ఉంది. పిల్లి పిల్లే కదా, ఇంకా కళ్లు కూడా సరిగ్గా తెరవలేదు.

నైట్_డ్యూటీ_సిస్టర్

మీది తేలిక. ముందు పూర్తి కోర్సు అయిందని కార్డు ఉంటే 0, 3 రోజుల్లో రెండు డోసులే, సీరం అక్కర్లేదు. మీ ఆవిడకి మాత్రం పూర్తి కోర్సు, రక్తం వచ్చింది కాబట్టి సీరం కూడా. గర్భిణులకీ పాలిచ్చే తల్లులకీ రేబిస్ టీకా, సీరం రెండూ వేయొచ్చు, వేయాలి. గైనకాలజిస్ట్ అపాయింట్‌మెంట్ శనివారం ఉంది అప్పుడు అడుగుతాం అనొద్దు, ఈరోజే వెళ్లి వేయించి తర్వాత ఆ డాక్టర్‌కి ఫోన్ చేసి చెప్పండి. కూన అయినా తల్లి నుంచో ఇంకో జంతువు నుంచో దానికీ అంటుకోవచ్చు. కుక్కపిల్ల గీరితే ఎవరూ పట్టించుకోరు, మా దగ్గరికి ఆలస్యంగా వచ్చేవాళ్లలో ఇదే మాట ఎక్కువ వింటాం, చిన్న కుక్కపిల్లే కదా సిస్టర్ అని.

ఘట్‌కేసర్_పాలబూత్

మా దగ్గర ఒక బర్రెను కుక్క కరిచింది, వారం నుంచి దాని పాలు కాలనీలో పోస్తున్నం, ఇప్పుడు అందరు సూదులు వేయించుకోవాల్నా?

నైట్_డ్యూటీ_సిస్టర్

కాచిన పాలు తాగినవాళ్లకి అక్కర్లేదు, పాల వల్ల మనుషులకి రేబిస్ వచ్చినట్టు లేదు. ఆ బర్రెని మాత్రం పశువుల డాక్టర్‌కి చూపించండి, దానికీ కరిచాక వేసే టీకా కోర్సు ఉంటుంది, అది తేలేదాకా దాని పాలు అమ్మకండి. దానికి చొంగ కారుతుంటే గొంతులో ఏదో అడ్డం పడిందని నోట్లో చెయ్యి పెట్టొద్దు, పల్లెల్లో ఇలాగే అంటించుకుంటారు.

బోడుప్పల్_అమ్మ

అందరికీ చాలా థ్యాంక్స్. పొద్దున్నే నల్లకుంట పోయినం. డాక్టర్ పిక్క చూసి ఒక్క ముక్క అడిగిండు, రక్తం వచ్చిందా అని, వచ్చింది సార్ అంటే మూడో కేటగిరీ అని చీటీ మీద రాసి బరువు చూడమన్నడు. సిస్టర్ గారు చెప్పినట్టే 18 కిలోలకి లెక్క కట్టి గాయం బెజ్జంలకే సన్న సూది పెట్టి మెల్లగ మెల్లగ ఎక్కించిండ్రు, చుట్టూ కూడా, పిక్క అంతా ఉబ్బింది. మా ఆయన కాళ్లు పట్టుకున్నడు, నేను తల పట్టుకున్న, వాడు డాక్టర్‌ని నిన్ను కూడా కుక్క కరవాలె అని తిట్టిండు, ఆయన నవ్విండు. తర్వాత బయట బెంచి మీద కూర్చోబెట్టి ఎలర్జీ ఏం లేదని చూసినంకనే పంపిండ్రు. రాత్రికి కొంచెం జ్వరం, నొప్పి ఉండొచ్చు, పారాసిటమాల్ వేయమన్నరు.

పది రోజులు చూద్దాం అన్న మా ఆయనకి డాక్టర్ ముందే క్లాస్ పడింది, ఇప్పుడు ఆయనే రోజూ గేటు కాడ నిలబడి కుక్క ఉందా లేదా చూస్తుండు. దోస్త్ అన్న అన్నది నిజమే, మేం ఈరోజు సరిగ్గ చూస్తే చెవి కోసిన కుక్క వేరే, పిల్లల తల్లి వేరే, రెండిటికీ మచ్చ ఒకటే. కరిచింది ఏదో బాబుకు కూడా తెలుస్తలేదు. రెండింటి మీదా ఫోన్ చేసి చెప్పినం.

అత్తమ్మ ఈ మధ్యాహ్నం గుడ్డు ఉడకబెట్టింది.

ఇప్పుడు ఇంకో డౌట్. 14వ రోజు డోసు పడే ఆదివారం మేం దసరాకి మా అమ్మోళ్ల ఊరు, జనగామ దిక్కు, పోవాలె. వ్యాక్సిన్ ఇక్కడే మెడికల్ షాపులో కొని పట్కపోయి అక్కడ ఆర్ఎంపీతోటి వేయించొచ్చా?

నైట్_డ్యూటీ_సిస్టర్

వద్దమ్మా. వ్యాక్సిన్ 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉండాలి, బస్సులో బ్యాగులో వేసుకుని పోతే అక్కడికి చేరేసరికి ఎలా ఉంటుందో చెప్పలేం, చూస్తే తెలీదు కూడా. జనగామ గవర్నమెంట్ హాస్పిటల్‌కి గానీ మీ మండలం పీహెచ్‌సీకి గానీ అమ్మోళ్లని పంపి ముందే అడిగించండి, దసరా సెలవుల్లో ఏ రోజు ఉంటారో, కండకి వేసే పద్ధతిలో వేస్తారా అని. కుదరకపోతే ఊరికి ఆదివారం సాయంత్రం బయల్దేరండి, పొద్దున ఇక్కడే వేయించుకుని. అదీ కాకపోతే వచ్చిన మర్నాడే వేయించండి, ఒకటి రెండు రోజులు జరిగినా మళ్ళీ మొదటి నుంచి వేయాల్సిన పని లేదు, మిగిలినవి కొనసాగిస్తారు, చెప్పిన తేదీ కంటే ముందే మాత్రం వేయరు. చీటీ రెండు వైపులా ఫోటో తీసి మీ ఫోన్‌లో, మీ ఆయన ఫోన్‌లో పెట్టుకోండి, సీరం వేసిన తేదీ కనపడేలా.